గోల్ఫ్ క్లబ్బుల గ్రిప్పును ఎలా ఎంచుకోవాలి, ఇంట్లోనే ఎలా మార్చుకోవాలి

విశాఖపట్నంలో గోల్ఫ్ ఆడేవారి సంచిలో అన్నిటికంటే ముందు పాడయ్యేది గ్రిప్పు, అంటే క్లబ్బును చేత్తో పట్టుకునే చోట ఉండే రబ్బరు తొడుగు. క్లబ్బు తల ఏళ్ల తరబడి నిలుస్తుంది, దాని పొడవాటి కాడ అయిన షాఫ్టు కూడా నిలుస్తుంది. కానీ అరచేతి చెమట, సముద్రపు ఉప్పుగాలి, ఎండలో నిలిపిన కారు డిక్కీలోని వేడి కలిసి గ్రిప్పు పైపొరను త్వరగా గట్టిపరుస్తాయి, నున్నగా చేస్తాయి. 1884లో మొదలై ఇప్పుడు ముడసర్లోవలో పద్దెనిమిది హోల్స్‌తో ఉన్న ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బులో మే నెలలో ఒక ఉదయం ఆడి చూసినవారికి, ఆరో హోలు దాటేసరికి గ్లౌజు పిండితే నీరు కారే పరిస్థితి తెలిసే ఉంటుంది. ఆ తడిలో కూడా క్లబ్బును గట్టిగా బిగించి పట్టుకోవలసిన అవసరం రాకుండా చేసేదే మంచి గ్రిప్పు. గ్రిప్పు జారుతుందన్న అనుమానం రాగానే చేయి తనంతట తాను బిగుసుకుంటుంది, ఆ బిగువు ముంజేతికి, అక్కడి నుంచి భుజానికి పాకుతుంది, స్వింగ్ వేగం పడిపోతుంది. చాలామంది ఈ దోషాన్ని తమ ఆటలో వెతుక్కుంటారు గాని చేతిలోని రబ్బరులో వెతకరు.

గ్రిప్పుల తయారీదారులు సాధారణంగా నలభై రౌండ్లకు ఒకసారి, లేదా ఏడాదికి ఒకసారి మార్చమని చెబుతారు. వారానికి రెండు రౌండ్లు ఆడేవారికి నలభై రౌండ్లు అయిదు నెలల్లోనే పూర్తవుతాయి కాబట్టి, ఈ లెక్కను కళ్లు మూసుకుని పాటించడం కంటే గ్రిప్పును పరీక్షించి నిర్ణయించుకోవడం మేలని నా అభిప్రాయం. ముందుగా గోరువెచ్చని నీటిలో రెండు చుక్కలు గిన్నెలు తోమే ద్రవం కలిపి, మెత్తని బ్రష్షుతో గ్రిప్పును రుద్ది, తడిగుడ్డతో సబ్బంతా తుడిచి నీడలో ఆరనివ్వండి. ఆరిన తరువాత పట్టు తిరిగి వస్తే అది అరిగిన గ్రిప్పు కాదు, మురికి పట్టిన గ్రిప్పు మాత్రమే. ఆరిన తరువాత కూడా బొటనవేలు ఆనే చోట మెరుపు కనిపిస్తున్నా, పైన ఉండవలసిన నగిషీ చెరిగిపోయినా, గోటితో నొక్కితే లొంగకుండా ప్లాస్టిక్కులా అనిపించినా, సన్నని పగుళ్లు కనిపించినా మార్చవలసిన సమయం వచ్చినట్టే. మన ఊళ్లో ఈ పరీక్షను వేసవికి ముందు ఒకసారి, వానలు పూర్తిగా వెనక్కు తగ్గిన తరువాత డిసెంబరులో ఒకసారి చేసుకోవడం సరిపోతుంది.

పరిమాణం

రంగు, పేరు చూడకముందే పరిమాణం తేల్చుకోవాలి. మణికట్టు దగ్గర మొదటి ముడత నుంచి మధ్యవేలి కొస వరకు టేపుతో కొలవండి. ఏడు అంగుళాల లోపు ఉంటే సన్నని రకం, ఏడు నుంచి సుమారు ఎనిమిదింపావు వరకు ఉంటే మామూలు రకం, అక్కడి నుంచి తొమ్మిదింపావు వరకు మధ్య రకం, ఆ పైన అయితే జంబో రకం అనేది స్థూలమైన లెక్క. కంపెనీని బట్టి ఈ హద్దులు కొద్దిగా మారతాయి కాబట్టి మీరు కొనబోయే కంపెనీ పట్టికనే చివరి మాటగా తీసుకోండి. మామూలు రకం గ్రిప్పును షాఫ్టుకు ఎక్కించాక, పై మూత నుంచి రెండు అంగుళాల కింద కొలిస్తే దాని వ్యాసం సుమారు 0.900 అంగుళం ఉంటుంది. మధ్య రకం దానికంటే అంగుళంలో పదహారో వంతు, జంబో ఎనిమిదో వంతు లావుగా ఉంటాయి.

పట్టికకంటే నమ్మదగినది చేయి చెప్పే సాక్ష్యం. కుడిచేతివాటం వారైతే ఎడమచేత్తో క్లబ్బును ఆటలో పట్టుకున్నట్టే పట్టుకుని, మధ్యవేలి, ఉంగరంవేలి కొసలు ఎక్కడికి చేరుతున్నాయో చూడండి. అవి బొటనవేలి కింది మెత్తని కండను తేలికగా తాకితే గ్రిప్పు సరిపోయింది. కండలోకి గుచ్చుకుంటే గ్రిప్పు సన్నం, మధ్యలో ఖాళీ కనిపిస్తే లావు. సన్నని గ్రిప్పుతో చేతులు ఎక్కువగా తిరిగి బంతి ఎడమకు వంగుతుందని, లావు గ్రిప్పుతో చేతుల కదలిక తగ్గి కుడికి పోతుందని గోల్ఫర్లలో గట్టి నమ్మకం ఉంది. ఆ ప్రభావం అందరిలోనూ ఒకేలా కనిపించదు కాబట్టి, స్లైసును, అంటే బంతి కుడికి వంగిపోయే దోషాన్ని సరిచేసుకోవడానికి గ్రిప్పు పరిమాణాన్ని మందులా వాడవద్దని నా సలహా. చేతికి సరిపడింది తీసుకోండి. వేళ్ల కీళ్లనొప్పులు ఉన్నవారి విషయం వేరు. వారికి ఒక మెట్టు లావైన, మెత్తనైన గ్రిప్పు నిజంగా ఉపశమనం ఇస్తుంది, ఎందుకంటే వేళ్లను పూర్తిగా ముడిచే శ్రమ తగ్గుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. గ్రిప్పు లోపల 58, 60, 62 అన్న అంకెలు ముద్రించి ఉంటాయి. అవి గ్రిప్పు లోపలి రంధ్రం ఎంత లావు షాఫ్టుకు సరిపోతుందో చెప్పే అంకెలు, అంటే 0.580, 0.600, 0.620 అంగుళాలు. షాఫ్టు పై కొస 0.600 ఉన్నప్పుడు 60 అంకె గల గ్రిప్పు ఎక్కిస్తే కంపెనీ చెప్పిన పరిమాణమే వస్తుంది. అదే షాఫ్టుకు 58 గ్రిప్పు ఎక్కిస్తే రబ్బరు సాగి కొంచెం లావుగా కూర్చుంటుంది, 0.580 షాఫ్టుకు 60 గ్రిప్పు తొడిగితే కొంచెం సన్నగా కూర్చుంటుంది. కాబట్టి కొనే ముందు ఏదో ఒక పాత గ్రిప్పు విప్పి, షాఫ్టు కొసను వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. మీ దగ్గర కాలిపర్ లేకపోతే లేతు వర్క్‌షాపులో ఒక్క నిమిషంలో కొలిచి చెబుతారు. ఉక్కు షాఫ్టు ఉన్న ఐరన్లకూ (సన్నని లోహపు తల గల క్లబ్బులు), గ్రాఫైట్, అంటే కార్బన్ పోగుల షాఫ్టు ఉన్న డ్రైవరుకూ (ఎక్కువ దూరం కొట్టే క్లబ్బు) కొలతలు వేరుగా ఉండవచ్చు, కాబట్టి రెండూ కొలవండి.

పదార్థం, ఆకారం, బరువు

మన వాతావరణానికి పదార్థం ఎంపిక చాలా ముఖ్యం. మామూలు రబ్బరు గ్రిప్పు ధరలో అందుబాటులో ఉంటుంది, ఎక్కించడం సులువు, నేర్చుకుంటున్న చేతికి మొదటి ప్రయత్నంగా ఇదే మంచిది. రబ్బరులో నూలు పోగులు కలిపి చేసే కార్డ్ గ్రిప్పు తడిలో అన్నిటికంటే నమ్మకంగా పట్టునిస్తుంది. కాకపోతే గరుకుగా ఉంటుంది, గ్లౌజు లేని చేతికి మొదటి వారాల్లో బొబ్బలు రావచ్చు. పై చేయి ఆనే భాగంలో కార్డ్, కింది చేయి ఆనే భాగంలో మెత్తని రబ్బరు ఉన్న మిశ్రమ గ్రిప్పులు ఈ ఇబ్బందికి మంచి పరిష్కారం. వేసవి అంతా ఆడేవారికి నేను మొదట చెప్పేది ఇవే. పాలిమర్‌తో చేసిన మెత్తని చుట్టు గ్రిప్పులు దుకాణంలో చేతికి ఎంతో హాయిగా అనిపిస్తాయి, కీళ్లనొప్పులకు మంచివి. కానీ చెమట ఎక్కువగా పట్టే చేతిలో త్వరగా అరుగుతాయి. తోలు గ్రిప్పు అందమైనదే అయినా, గాలిలో తేమ ఇంత ఎక్కువగా ఉండే ఊళ్లో దాని సంరక్షణ కష్టం.

గ్రిప్పుల్లో పూర్తి గుండ్రంగా ఉండేవి, వెనక వైపు నిలువునా సన్నని గట్టు ఉండేవి అని రెండు రకాలు. గుండ్రని వాటికి అంకె పక్కన ఆర్ అక్షరం ఉంటుంది. గట్టు వేళ్లకు ఆనవాలుగా పనిచేసి ప్రతిసారీ చేతులు ఒకే చోట కూర్చునేలా చేస్తుంది కాబట్టి కొత్తగా నేర్చుకునేవారికి ఉపయోగపడుతుంది. పటర్ (బంతిని హోలులోకి దొర్లించే క్లబ్బు) మినహా మిగతా క్లబ్బుల గ్రిప్పు గుండ్రంగానే ఉండాలని, వేళ్లకు అచ్చులు పోసినట్టు ఉండకూడదని, నిడివి పొడవునా కొద్దిగా ఎత్తైన తిన్నని గట్టు మాత్రం ఉండవచ్చని గోల్ఫ్ నియమాలు చెబుతాయి. ఒక జాగ్రత్త: తల దగ్గర లాఫ్ట్ (బంతిని తాకే ముఖం వాలు) మార్చుకునే స్లీవ్ ఉన్న డ్రైవర్లలో చాలావాటికి ఆ అమరిక మార్చినప్పుడు షాఫ్టు కూడా తిరుగుతుంది, దాంతో గట్టు కూడా స్థానం తప్పుతుంది. అలాంటి డ్రైవరుకు గుండ్రని గ్రిప్పే తీసుకోండి.

బరువును పూర్తిగా మరచిపోకండి. మామూలు రబ్బరు గ్రిప్పు యాభై గ్రాముల ప్రాంతంలో ఉంటుంది. కొత్త గ్రిప్పు పాతదానికంటే నాలుగైదు గ్రాములు ఎక్కువ బరువుంటే స్వింగ్‌వెయిట్ (ఊపేటప్పుడు తల ఎంత బరువుగా అనిపిస్తుందో చెప్పే కొలత) ఒక పాయింటు తగ్గి తల తేలికైనట్టు అనిపిస్తుంది. ఐరన్లన్నిటికీ ఒకే రకం గ్రిప్పు వేస్తే ఆ తేడా సెట్టంతటా సమానంగా ఉంటుంది, చేయి త్వరగానే అలవాటుపడుతుంది.

కావలసిన సామగ్రి

గ్రిప్పులు తప్ప మిగతావన్నీ ఊళ్లోనే దొరుకుతాయి. రెండు అంగుళాల వెడల్పు ఉండి రెండు వైపులా జిగురున్న పలుచని టేపు, పెయింటు దుకాణంలో అమ్మే మినరల్ టర్పెంటైన్, కొక్కెం ఆకారపు బ్లేడు, హెయిర్ డ్రయ్యర్, మాస్కింగ్ టేపు, కారే ద్రవం పట్టుకోవడానికి ఒక పళ్లెం, పాత గుడ్డలు, రబ్బరు గ్లౌజులు సిద్ధం చేసుకోండి. పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల హార్డ్‌వేర్ దుకాణాల్లో టేపు అడిగితే చాలాసార్లు స్పాంజి లాంటి మందపాటిది చేతికిస్తారు. అది పనికిరాదు, ఎందుకంటే దాని మందం వల్ల గ్రిప్పు పైన ఎక్కదు. చేత్తో తడిమి, కాగితంలా పలుచగా ఉన్నదే తీసుకోండి. టర్పెంటైన్ బదులు కొందరు కిరోసిన్ వాడతారు, అది జిడ్డు మిగిల్చి గ్రిప్పును కదిలేలా చేస్తుంది. ఎన్‌సీ థిన్నర్ (పెయింటు పలుచన చేసే ద్రవం) గ్రాఫైట్ షాఫ్టు రంగును కరిగించగలదు. పెట్రోలు జోలికి అసలు పోవద్దు, అది ప్రాణాపాయం.

క్లబ్బును కదలకుండా పట్టడానికి బెంచ్ వైస్ ఉంటే పని సగం తేలికవుతుంది. గాజువాక ఆటోనగర్‌లో చిన్న వైస్ దొరుకుతుంది. దాని ఇనుప దవడల మధ్య షాఫ్టును నేరుగా బిగించకూడదు. షాఫ్టు చుట్టూ మందపాటి రబ్బరు బిగింపు, అది లేకపోతే పాత సైకిలు టైరు ముక్క చుట్టి, కదలకుండా ఉండేంత మాత్రమే బిగించండి. గ్రాఫైట్ షాఫ్టు అతిగా బిగిస్తే లోపల చితికిపోతుంది, ఆ దెబ్బ పైకి కనిపించకపోవచ్చు. వైస్ లేకపోతే ఇంట్లో మరొకరిని క్లబ్బు తల వైపు గట్టిగా పట్టుకోమని చెప్పినా పని జరుగుతుంది.

పాత గ్రిప్పు తీయడం

గాలి ధారాళంగా వచ్చే బాల్కనీలోనో వరండాలోనో పని పెట్టుకోండి. పొయ్యి, దేవుడి దీపం, అగరొత్తులు, దోమల చక్రం, ఏవీ దగ్గర ఉండకూడదు. పాత గ్రిప్పు కింది అంచు షాఫ్టు మీద ఎక్కడి వరకు వచ్చిందో మాస్కింగ్ టేపుతో గుర్తు పెట్టండి. తరువాత బ్లేడును గ్రిప్పు కింది అంచు దగ్గర దూర్చి, మీ శరీరానికి దూరంగా, పై మూత వైపు ఒకే గీతగా కోసుకుంటూ వెళ్లండి. గ్రాఫైట్ షాఫ్టు అయితే బ్లేడు మొన లోపలికి దిగకుండా దాదాపు పడుకోబెట్టి, రబ్బరును కొద్దికొద్దిగా కోయాలి. దాని పోగుల మీద పడిన చిన్న గాటు కూడా తరువాత షాఫ్టు విరగడానికి కారణం కావచ్చు. కోసిన గ్రిప్పును అరటిపండు తొక్కలా విప్పేయవచ్చు.

మిగిలిన పాత టేపును తీయడమే ఈ పనిలో విసుగు పుట్టించే భాగం, తొందరపడితే చెడిపోయేదీ ఇదే. హెయిర్ డ్రయ్యర్‌తో ఒక నిమిషం వెచ్చబెట్టి, గోటితో అంచు లేపి మెల్లగా లాగండి. ఉక్కు షాఫ్టు అయితే మొండి చాకుతో గీకవచ్చు; గ్రాఫైట్‌కు ప్లాస్టిక్ ముక్క మాత్రమే వాడాలి, వేడి కూడా చేయి పట్టగలిగినంతే ఉండాలి. మిగిలిన జిగురును టర్పెంటైన్ గుడ్డతో తుడిచి, షాఫ్టు నున్నగా, పూర్తిగా పొడిగా అయ్యేవరకు ఆపండి. ఉక్కు షాఫ్టు పై కొస లోపలి అంచును ఈ సమయంలోనే టార్చితో చూడండి. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో అక్కడ తుప్పు మొదలవడం సాధారణం. పలుచని తుప్పు అయితే సన్నని ఎమెరీ కాగితంతో రుద్ది తుడిస్తే చాలు. లోహం పెచ్చులు లేస్తున్నట్టయితే ఆ షాఫ్టుకు కొత్త గ్రిప్పు వేయడం డబ్బు వృథా.

కొత్త గ్రిప్పు ఎక్కించడం

క్లబ్బును అడ్డంగా బిగించి, తల ముక్కు (షాఫ్టుకు దూరంగా ఉండే కొస) ఆకాశం వైపు ఉండేలా, ముఖం ముందంచు నేలకు నిట్టనిలువుగా ఉండేలా సరిచూడండి. ఈ స్థితిలో గ్రిప్పు మీది గుర్తు సరిగ్గా పైకి చూస్తుంది, గట్టు ఉన్న గ్రిప్పు అయితే గట్టు సరిగ్గా కిందికి వస్తుంది. తల సరిగా నిలవకపోతే ఆ తరువాత చేసే పనంతా ఆ తప్పు మీదే కూర్చుంటుంది, కాబట్టి ఇక్కడ రెండు నిమిషాలు ఎక్కువ పట్టినా పరవాలేదు.

టేపును కొత్త గ్రిప్పు నిడివికి సరిపడా, సుమారు పది అంగుళాలు, కోసుకుని నిలువుగా అంటించండి. 0.600 అంగుళాల షాఫ్టు చుట్టుకొలత సుమారు 1.88 అంగుళం కాబట్టి రెండు అంగుళాల టేపు పైన దాదాపు అంచుకు అంచు తగులుతూ చుట్టుకుంటుంది. పై కొస దగ్గర అర అంగుళం టేపును బయటికి మిగలనిచ్చి, దాన్ని మెలిపెట్టి షాఫ్టు బొంగులోకి నెట్టండి. టర్పెంటైన్ లోపలికి కారకుండా ఈ మెలికే అడ్డుపడుతుంది. గ్రిప్పును కొంచెం లావుగా చేయాలనుకుంటే, ఈ టేపుకు ముందు మాస్కింగ్ టేపు పొరలు వేయండి. ఒక్కో పొర సుమారు అంగుళంలో అరవైనాలుగో వంతు పెంచుతుంది. కింది చేయి భాగాన్ని మాత్రమే లావు చేయాలంటే ఆ మేరకే పొరలు వేయవచ్చు. చివరగా పై కాగితాన్ని ఒలవండి.

ఇప్పుడు గ్రిప్పు మూతలోని చిన్న రంధ్రాన్ని బంతి నిలబెట్టే టీతో మూసి, లోపలికి మూడు నాలుగు టీస్పూన్ల టర్పెంటైన్ పోసి, నోటిని వేలితో మూసి గట్టిగా కుదపండి. ఆ ద్రవాన్నే టేపు మీద పైనుంచి కిందికి అంతటా పోయండి, టేపులో ఒక్క అంగుళం కూడా పొడిగా మిగలకూడదు. కారినది కింది పళ్లెంలో పడుతుంది, దాన్నే మళ్లీ వాడుకోవచ్చు. నేను మొదటిసారి మార్చిన అయిదో నంబరు ఐరనుకు టర్పెంటైన్ పొదుపుగా పోశాను. గ్రిప్పు సగం దూరం వెళ్లి బిగుసుకుపోయింది, ముందుకు జరగలేదు, వెనక్కు రాలేదు, కొత్త గ్రిప్పునే కోసి పారేయవలసి వచ్చింది. అప్పటి నుంచి ఈ ద్రవం విషయంలో ఎప్పుడూ చేయి బిగించలేదు.

టీ తీసేసి, గ్రిప్పు నోటి కింది అంచును షాఫ్టు కొసకు ముందుగా తగిలించి, పై అంచును వేళ్లతో విప్పుతూ కొస మీదుగా ఎక్కించి, ఆగకుండా ఒకే ఊపులో మూత షాఫ్టుకు తగిలేవరకు నెట్టండి. మధ్యలో ఆగితే టేపు జిగురు పట్టుకోవడం మొదలుపెడుతుంది. మూత దగ్గర అరచేత్తో ఒకసారి గట్టిగా నొక్కి, ఖాళీ లేదని నిర్ధారించుకోండి. మొదట పెట్టిన మాస్కింగ్ టేపు గుర్తును పోలికగా మాత్రమే వాడండి. దాన్ని అందుకోవడానికి గ్రిప్పు నోటిని పట్టుకుని కిందికి లాగవద్దు, అలా లాగితే రబ్బరు సాగి సన్నబడుతుంది, ఒక్కో క్లబ్బుకు ఒక్కో పరిమాణం వస్తుంది.

సరిదిద్దుకోవడానికి సుమారు ఒక నిమిషం ఉంటుంది. వైస్ నుంచి తీసి, ఆటలో నిలబడినట్టు క్లబ్బును నేల మీద ఆనించి, పైనుంచి చూడండి. గుర్తుల వరుస మధ్యలోకి రాకపోతే గ్రిప్పు మొత్తాన్ని రెండు చేతులతో పట్టి తిప్పండి. ఒక చివర మాత్రమే తిప్పితే మెలిక పడుతుంది. పటర్‌కు ఈ పరీక్ష మరింత కచ్చితంగా చేయాలి, ఎందుకంటే దాని గ్రిప్పు ముందు భాగం బల్లపరుపుగా ఉంటుంది, అది పటర్ ముఖానికి సరిగ్గా లంబంగా లేకపోతే బొటనవేళ్లు ముఖాన్ని తెలియకుండానే పక్కకు తిప్పుతాయి. మొదటిసారి చేసేవారు పటర్‌ను చివరికి ఉంచుకుని, తక్కువగా వాడే పాత ఐరనుతో మొదలుపెట్టడం మంచిది.

ఆరబెట్టడం, ఆ తరువాత

కంపెనీల సూచనలు కొన్ని గంటలే చెప్పినా, నేను పూర్తిగా ఒక రోజు ఆపుతాను, వానాకాలంలో రెండు రోజులు. క్లబ్బులను నీడలో, ఫ్యాను గాలిలో, గోడకు చేరవేసి ఉంచండి. ఎండలో పెడితే త్వరగా ఆరుతుందనుకోవడం పొరపాటు, రబ్బరు పైపొర దెబ్బతింటుంది. టర్పెంటైన్ తడిసిన గుడ్డలను ఉండచుట్టి చెత్తబుట్టలో వేయకుండా బయట తీగ మీద విడిగా ఆరనివ్వాలి. మిగిలిన ద్రవాన్ని మూత ఉన్న సీసాలో పోసి, పిల్లలకు అందని చోట ఉంచాలి, కాలువలో పారబోయకూడదు.

మరుసటి రోజు గ్రిప్పును గట్టిగా పట్టి మెలిపెట్టినట్టు తిప్పి చూడండి. ఏ మాత్రం కదిలినా ఇంకొక రోజు ఆగండి. రెండో రోజు తరువాత కూడా కదిలితే టేపు ఎక్కడో పొడిగా ఉండిపోయిందని, లేదా జిడ్డు మిగిలిందని అర్థం, అలాంటిదాన్ని తీసి మళ్లీ వేయాలి, ఆ క్లబ్బుతో ఆడకూడదు. కదలకపోతే సబ్బునీళ్లతో ఒకసారి తుడిచి పైన ఉన్న నూనె పొరను తీసేసి వాడటం మొదలుపెట్టండి. ఆ తరువాత ప్రతి రౌండు చివర గ్రిప్పులను తడిగుడ్డతో, వెంటనే పొడిగుడ్డతో తుడిచి సంచిలో పెట్టండి, నెలకొకసారి సబ్బునీళ్లతో కడగండి, సంచిని రాత్రంతా కారు డిక్కీలో వదిలేయకుండా ఇంటికి తెచ్చి నోరు తెరిచి ఉంచండి. గ్రిప్పు వేసిన తేదీని పటర్ తల తొడుగు లోపల మార్కరుతో రాసుకుంటే, డిసెంబరు పరీక్ష నాటికి ఎన్ని రౌండ్లు నడిచాయో లెక్క చూసుకోవడం సులువవుతుంది.